మెట్లు కాదు తమ్ముళ్ళూ, కొమ్మలు!

(ఉభయచరాలు, సరీసృపాల పరిణామం గురించి మన నగరి కొండల దగ్గర మొదలయ్యే ఒక పాఠం)



మేము పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి స్టడీ అవర్లో ట్యూబులైటు దగ్గరి బల్లి ఒకటి జారి మాలో ఒకడి భుజం మీద పడింది. అంతే, లెక్కల పుస్తకాలన్నీ మూతపడ్డాయి. గోడకున్న క్యాలెండరు వెనక్కి తిప్పి బల్లి పాటు ఫలితాలు వెతికాం. పడింది కుడి భుజం మీదా, ఎడమ భుజం మీదా అని పెద్ద తగువు. ఒకడు "రేపే కంచికి పోయి బంగారు బల్లిని ముట్టుకోని రావాల" అన్నాడు. ఇంకొకడు "కంచికి పోను ఛార్జీలకు దుడ్డు యాడుండాదిరా? దాన్ని ముట్టుకోని వచ్చినోళ్ళను ముట్టుకున్నా చాలంట" అన్నాడు. వార్డెన్ సారు వచ్చి కసిరేదాకా ఆ చర్చ సాగింది.

ఆ రాత్రి పడినవాడికి ఏమవుతుందో అందరం అడిగాం. పడిన బల్లిని గురించి మాత్రం ఒక్క ప్రశ్న కూడా ఎవరమూ అడగలేదు. అది పైకప్పు మీద తలకిందులుగా ఎట్లా నడుస్తుంది? దాని పూర్వికులు ఎక్కడివాళ్ళు? స్నానాల గదిలో గోడకు అతుక్కొని కూర్చునే కప్పకూ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా? ఈ ప్రశ్నలు అడగడం నేర్చుకోవడానికి మాకు ఇంకో ఆరేడేళ్ళు పట్టింది.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. నాయన మరమగ్గాల షెడ్డులో పనిచేస్తారు, అమ్మ కండెలు చుడుతుంది. తిరుపతిలో ఎం.ఎస్సీ. జువాలజీ చేశామని చెబితే "అంటే ఏం చదివినట్టురా?" అని మా అవ్వ అడిగింది. "కప్పలు, బల్లులు, పాముల చదువు అవ్వా" అన్నాం. "అవి ఈడ లేవా, దానికి తిరుపతి దాకా పోవాల్నా?" అంది. అవ్వ మాటలో నిజముంది. ఈ పాఠం నిజంగానే ఇక్కడ, ఈ హాస్టలు గోడ మీదే ఉంది.

నిచ్చెన బొమ్మ

డిగ్రీ మొదటి ఏట తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంలోకి వెళ్ళాం. ఒక తరగతిలో నల్లబల్ల మీద ఒక నిచ్చెన గీశారు. అడుగు మెట్టు చేప, దాని మీద కప్ప, ఆపైన బల్లి, తర్వాత పక్షి, పశువు, కోతి, కొస మెట్టున మనిషి. ఇవి కింది జీవులు, అవి పై జీవులు అని చెప్పారు. మమ్మల్ని లేపి ప్రశ్న అడిగారు. జవాబు తెలుసు, ఇంగ్లీషు రాలేదు. తడబడ్డాం. వెనక బెంచీలోంచి ఒక గొంతు "హాస్టలోళ్ళు ఇంకా కప్ప మెట్టు కాడనే ఉండారు సార్" అంది. తరగతంతా నవ్వింది. మేమూ నవ్వినట్టు నటించాం. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ మాట తప్పని అప్పుడే అనిపించింది. ఎందుకు తప్పో చెప్పగలిగిన చదువు అప్పటికి మా దగ్గర లేదు. ఇప్పుడు కొంచెం ఉంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం. ఆ మాట మా విషయంలోనే కాదు, కప్ప విషయంలో కూడా తప్పు.

ఛార్లెస్ డార్విన్ 1859లో జీవజాతుల పుట్టుకపై అచ్చువేసిన పుస్తకంలో ఒకే ఒక్క బొమ్మ ఉంది. అది నిచ్చెన కాదు. ఒక మొదలు నుంచి చీలి, ఆ చీలికలు మళ్ళీ చీలుతూ పోయే కొమ్మల బొమ్మ. పరిణామమంటే అదే. ఈ రోజు బతికి ఉన్న ప్రతి జీవీ ఒక కొమ్మ చివర ఉంటుంది. కప్పా చివరే, బల్లీ చివరే, మనమూ చివరే. ఒక చివర ఇంకో చివరకు కింది మెట్టు ఎట్లా అవుతుంది?

నీటి నుంచి నేలకు

అసలు కథ సుమారు 37.5 కోట్ల ఏళ్ళ కిందటి నుంచి చూద్దాం. కెనడా ఉత్తరాన మంచు దీవి ఒకదానిలో నీల్ షూబిన్, ఆయన సహచరులు 2004లో ఒక శిలాజాన్ని కనుగొన్నారు. 2006లో దాన్ని ప్రకటించి, టిక్టాలిక్ అని పేరు పెట్టారు. దానికి చేపలాగా పొలుసులూ మొప్పలూ రెక్కలూ ఉన్నాయి. కానీ తల మొసలి తలలాగా చదునుగా ఉంది. చేపకు ఉండని మెడ ఉంది. ముందు రెక్కల లోపల మన భుజం, మోచేయి, మణికట్టులను తలపించే ఎముకలు ఉన్నాయి. తక్కువ లోతు నీటిలో ఆ రెక్కల మీద ఆనుకొని లేవగలిగిన జీవి అది.

అటువంటి జీవుల సంతతిలోంచే నాలుగు కాళ్ళ జంతువులు వచ్చాయి. ఆ వంశం తర్వాత రెండుగా చీలింది. ఒక కొమ్మ నుంచి కప్పలు, సాలమాండర్లు, కాళ్ళు లేని సిసీలియన్లు వచ్చాయి. వీటినే ఉభయచరాలు అంటాం. రెండో కొమ్మ నుంచి సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు వచ్చాయి. ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. బల్లి కప్పలోంచి పుట్టలేదు. ఇద్దరికీ పూర్వికుడు ఒకడే, వాడు కప్పా కాదు, బల్లీ కాదు. కప్ప బల్లికి అవ్వ కాదు, ఎప్పుడో వేరుకాపురం పెట్టిన పెద్దనాయన బిడ్డ.

ఈ చీలిక ఎప్పుడు జరిగిందనే లెక్క ఇంకా సవరించబడుతూనే ఉంది. 2025లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో సుమారు 35.5 కోట్ల ఏళ్ళ నాటి రాతిపలక మీద గోళ్ళ గుర్తులున్న అడుగుజాడలను శాస్త్రవేత్తలు ప్రకటించారు. గోళ్ళు రెండో కొమ్మవాళ్ళ లక్షణం. అంటే మనం అనుకున్నదానికంటే 3, 4 కోట్ల ఏళ్ళ ముందే ఆ కొమ్మ వేరుపడి ఉండాలి.

కొమ్మల లెక్కలో చూస్తే ఇంకో చిత్రం కూడా తెలుస్తుంది. మొసలికి దగ్గరి చుట్టం బల్లి కాదు, కోడి! మొసళ్ళు, డైనోసార్లు, పక్షులు ఒకే కొమ్మ నుంచి చీలినవి. చూడటానికి ఒకేలా ఉన్నంత మాత్రాన దగ్గరి చుట్టం కాదు, వేరుగా ఉన్నంత మాత్రాన దూరమూ కాదు.

మెస్సు గుడ్డులో ఒక చెరువు

రెండో కొమ్మ ప్రత్యేకత ఏమిటి? మన మెస్సులో ఇచ్చే గుడ్డును చూస్తే అర్థమవుతుంది. ఈసారి ఒలిచేటప్పుడు తొందరపడకండి. పెంకు కింద పలచని పొర ఉంటుంది. లావుపాటి వైపు చిన్న గుంట ఉంటుంది, అది గాలి నిలిచిన చోటు. లోపల తెల్లసొన, పచ్చసొన. మనం తినే గుడ్డులో పిల్ల ఉండదు. పొదిగే గుడ్డులో పిల్ల పెరిగేటప్పుడు దాని చుట్టూ నాలుగు పొరలు ఏర్పడతాయి. ఉల్బం నీటి సంచిలా పిల్లను తడిగా ఉంచుతుంది. సొనసంచి తిండి ఇస్తుంది. అళిందం మలిన పదార్థాలను దాచిపెడుతుంది. పరాయువు అన్నిటినీ చుట్టి, గాలి మార్పిడికి తోడ్పడుతుంది.

కప్ప గుడ్డుకు పెంకు లేదు. జిగురు ముద్దలా నీటిలో తేలుతుంది, ఎండ తగిలితే ఎండిపోతుంది. కాబట్టి చాలా కప్పలకు పిల్లలను పెట్టడానికి చెరువు కావాలి. సరీసృపం చెరువును గుడ్డులోనే పెట్టుకొని, నీళ్ళు లేని చోట కూడా గుడ్లు పెట్టగలిగింది. పచ్చసొన తల్లి కట్టిచ్చిన సద్ది. మనం కూడా అమ్మ కడుపులో ఉమ్మనీటిలోనే పెరిగాం. ఆ ఉమ్మనీటి సంచి ఇదే ఉల్బం. ఆ పాత చెరువు మన పుట్టుకలో ఇంకా ఉంది.

మరి కప్ప వెనకబడినట్టేనా? కాదు. స్నానాల గదిలో కనిపించే చెట్టుకప్ప ఏం చేస్తుందో చూడండి. వానాకాలంలో నీటి తొట్టి మీదికి వాలిన కొమ్మకో, తొట్టి అంచుకో నురుగు గూడు కడుతుంది. గుడ్లు ఆ నురుగులో తడిగా ఉంటాయి. తోకకప్పలు బయటికి రాగానే కింది నీళ్ళలో పడతాయి. నీటిలోని చేపలకూ పురుగులకూ గుడ్లు దొరకవు. మట్టిలో దూరి ఎండాకాలమంతా గడిపి, మొదటి వానకు లేచే కప్పలు మన చేలల్లోనే ఉన్నాయి. వానలు పడగానే మడుగుల్లో మగ గోదురుకప్పలు పసుపుపచ్చగా మారి అరవడం మీరంతా చూసే ఉంటారు. ఊపిరితిత్తులతోపాటు చర్మంతో కూడా ఊపిరి పీల్చడం కప్పకు తెలుసు. బల్లి ఎన్ని కోట్ల ఏళ్ళుగా మారుతూ వచ్చిందో కప్పా అన్ని కోట్ల ఏళ్ళుగా మారుతూ వచ్చింది. ఎవరి దారి వారిది.

మన ఊరి పేరున్న రాయి, దాని మీద బంగారు బల్లి

ఇప్పుడు తలెత్తి మన కొండలు చూడండి. ఆంగ్లేయులు 'నగరి ముక్కు' అని పిలిచిన శిఖరం ఉన్న ఈ వరసల్లోని గట్టి రాయిని క్వార్ట్‌జైట్ అంటారు. భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో దాని పేరేమిటో తెలుసా? 'నగరి క్వార్ట్‌జైట్'. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ రాయి ఇంకా పాతదైన గ్రానైటు మీద కూర్చున్న చోటును భారత భూగర్భ సర్వే సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. మన ఊరి పేరు పెట్టిన రాయిని ఎక్కడెక్కడి విద్యార్థులో చదువుతారు. మనకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ రాయి నెర్రెలుగా పగులుతుంది. చూరుల్లాంటి నీడలు, చీకటి సందులు ఏర్పడతాయి. అట్లాంటి రాతి సందులే బంగారు బల్లికి ఇల్లు.

1870లో రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అనే మద్రాసు అటవీశాఖ అధికారి తిరుపతి కొండల నుంచి ఒక కొత్త బల్లిని వర్ణించారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. దాని శాస్త్రీయ నామం ఇప్పుడు కాలోడాక్టైలోడెస్ ఆరియస్. గ్రీకులో 'కాలోస్' అంటే అందమైన, 'డాక్టైలోస్' అంటే వేలు. లాటిన్‌లో 'ఆరియస్' అంటే బంగారు. అందమైన వేళ్ళ బంగారు బల్లి అన్నమాట. మన గోడ బల్లి కంటే పెద్దది. జతకట్టే కాలంలో మగవాటికి బంగారు పసుపు రంగు వస్తుంది. ఆడవి రాతి చూరుకు గుడ్లు అతికిస్తాయి. ఒకే చూరుకు చాలా ఆడబల్లులు గుడ్లు పెట్టడం కూడా ఉంది.

బెడ్డోమ్ తర్వాత ఈ బల్లి శాస్త్రవేత్తల కంట పడకుండా వందేళ్ళకు పైగా గడిచిపోయింది. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో జె.సి. డేనియల్, మరో ఇద్దరు తూర్పు కనుమల్లో దాన్ని మళ్ళీ కనుగొన్నామని రాశారు. ఆ తర్వాత తూర్పు కనుమల్లో మరికొన్ని చోట్ల, పక్కనున్న తమిళనాడు కొండల్లో కూడా కనిపించింది. ఏటా లక్షల మంది ఎక్కి దిగే కొండలోనే అది ఉంది. చూసే కన్ను లేక కనబడలేదు.

లంకలో చుట్టాలు

ఈ ప్రజాతిలో ఇంకొక్క జాతే ఉంది. అది ఎక్కడుందో ఊహించండి. పక్క జిల్లాలో కాదు, కర్ణాటకలో కాదు. శ్రీలంకలోని రాతి గుహల్లో! 1953లో పి.ఇ.పి. దెరణియగల దాన్ని వర్ణించారు. మధ్యలో ఇంత తమిళదేశం, ఆపైన సముద్రం ఉండగా అన్నదమ్ములు ఇద్దరూ చెరోచోట ఎట్లా ఉన్నారు?

దీనికి ఇంకో కథ తోడు పెట్టండి. శ్రీలంకలో మాత్రమే ఉంటుందని అనుకున్న ఎగిరే పాము జాతి ఒకటి శేషాచలం అడవుల్లో ఉందని 2015లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. దాని పేరు క్రైసోపెలియా టాప్రోబానికా. టాప్రోబేన్ అంటే శ్రీలంకకు గ్రీకులు పెట్టిన పాత పేరు. నిజానికి ఇది ఎగరదు. చెట్టు మీద నుంచి దూకి, ఒంటిని చదును చేసుకొని గాలిలో జారుతుంది.

జవాబులో ఒక భాగం సముద్రం దగ్గర ఉంది. మంచు యుగాల్లో భూమ్మీది నీరు చాలా భాగం మంచుగా గడ్డకట్టి, సముద్ర మట్టం సుమారు 120 మీటర్లు దిగిపోయింది. అట్లాంటి కాలం కడపటిసారి వచ్చింది సుమారు 20,000 ఏళ్ళ కిందట. పాక్ జలసంధి లోతు తక్కువ కాబట్టి అప్పుడు లంక మన నేలతో కలిసిపోయింది. జంతువులు నడిచి, పాకి అటూ ఇటూ పోగలిగాయి. నీరు పెరిగాక తెగిపోయాయి. మధ్యలో వాటికి సరిపడే చోట్లు మాయమైతే మధ్యవాళ్ళు పోయి, చెరో చివర మిగిలినవాళ్ళే బతుకుతారు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. పాము రెండు చోట్లా ఒకే జాతి. బంగారు బల్లి మాత్రం రెండు వేరు వేరు జాతులు. ఎక్కువ తేడా కనిపిస్తే సాధారణంగా ఎక్కువ కాలం కిందట విడిపోయారని అర్థం. రాతి సందు దాటి దూరం పోలేని జీవికి రెండు కొండల మధ్య మైదానమే సముద్రంతో సమానం.

మన రాళ్ళలో లేనిది గోదావరి గట్టున ఉంది

పరిణామానికి శిలాజాలు సాక్ష్యమని చదువుతాం కదా, మన కొండల్లో బల్లుల శిలాజాలు దొరకవా? దొరకవు. నగరి క్వార్ట్‌జైట్ వయసు 100 కోట్ల ఏళ్ళకు పైమాటే. ఆ ఇసుక పేరుకున్నప్పుడు భూమ్మీద ఏ జంతువూ లేదు. శిలాజాలు కావాలంటే ఉత్తరంగా, ప్రాణహిత గోదావరి లోయకు పోవాలి.

ఇప్పటి తెలంగాణలో, పాత ఆదిలాబాదు జిల్లాలో మలేరి అనే ఊరి పేరుతో మలేరి శిలలు ఉన్నాయి. వాటిలో సుమారు 22 కోట్ల ఏళ్ళ నాటి ఉభయచరం దొరికింది. వెడల్పైన చదును తల, మొసలిలా నీటిలో పొంచి ఉండే వేట జీవి. 1965లో వర్ణించారు. 2018లో పాంథాసారస్ మలేరియెన్సిస్ అని కొత్త ప్రజాతి పేరు పెట్టారు. ఉభయచరాలంటే అరచేతిలో పట్టే కప్పలే అనుకునేవాళ్ళకు ఇదొక జవాబు.

అక్కడే కోట శిలలనే ఇంకొంచెం తర్వాతి కాలపు రాళ్ళు ఉన్నాయి. యామన్‌పల్లి దగ్గర దొరికిన భారీ డైనోసార్‌కు భూగర్భ సర్వే సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. చుట్టాలింటికి పోయినప్పుడు తప్పక చూడండి.

పెద్ద ఎముకలను ఎవరైనా చూస్తారు. రెబ్బెన దగ్గరి మట్టిరాళ్ళను నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన రవ్వలను సూక్ష్మదర్శిని కింద ఏరితే బియ్యపు గింజంత దవడ ముక్కలు దొరికాయి. సూసన్ ఇవాన్స్, జి.వి.ఆర్. ప్రసాద్, బి.కె. మన్హాస్ 2001లో వాటిలో రెండు ప్రజాతులకు రెబ్బనసారస్, గోదావరిసారస్ అని పేర్లు పెట్టారు. ఇవి న్యూజిలాండులో ఇప్పటికీ బతికి ఉన్న టువటారా అనే సరీసృపం వైపు చుట్టాలు. 2002లో వాళ్ళే భారతగామా రెబ్బనెన్సిస్ అని మరొకదాన్ని ప్రకటించి, అది తొండల వైపు జీవి అన్నారు. తర్వాత కొందరు పరిశోధకులు కాదు, అది కూడా టువటారా వైపుదే కావచ్చన్నారు. శాస్త్రంలో ఇది తప్పు పట్టడం కాదు, లెక్క సరిచూడడం.

నోట్సు కాపీ కొట్టినట్టే

శిలాజం దొరకని చోట ఏం చేస్తారు? బతికి ఉన్న జీవుల డి.ఎన్.ఎ.ను చదువుతారు. ఎట్లాగంటే, సీనియర్ నోట్సును ఇద్దరు చేత్తో కాపీ చేసుకున్నారనుకోండి. మొదటివాడు 'అళిందం' అన్నచోట 'అలిందం' అని రాశాడు. వాడి నోట్సు చూసి రాసుకున్న వాళ్ళందరి దగ్గరా 'అలిందం' అనే ఉంటుంది. రెండోవాడి నోట్సు చూసి రాసుకున్నవాళ్ళ దగ్గర ఆ తప్పు ఉండదు, వేరే తప్పులుంటాయి. పది నోట్సులు ముందు పెట్టుకొని, ఏ తప్పు ఎవరెవరి దగ్గర ఉందో చూస్తే ఎవరిది ఎవరు రాసుకున్నారో చెప్పేయవచ్చు. డి.ఎన్.ఎ. కూడా తరం తరానికీ కాపీ అవుతుంది. అక్కడక్కడ అక్షరాలు మారతాయి. ఏ మార్పు ఏ జీవులకు ఉమ్మడిగా ఉందో పోల్చి కొమ్మల బొమ్మ గీస్తారు.

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కె. ప్రవీణ్ కారంత్ బృందం ఈ పద్ధతిలోనే బల్లులు, తొండలు, నలికిరుల పరిణామాన్ని శోధించింది. 2010లో రోహిణీ బన్సల్, కారంత్ రాసిన పత్రం మన గోడ బల్లుల ప్రజాతి హెమిడాక్టైలస్ గురించి. భారత ఉపఖండంలోని ఆ బల్లులు ఎక్కువగా ఇక్కడే చీలి పెరిగిన ఒక ప్రత్యేక వంశమనీ, ఆసియా ఇంటి బల్లుల పుట్టిల్లు భారతదేశమేననీ వాళ్ళు చూపారు. ఆ ఇంటి బల్లుల్లో ఒక జాతి ఓడల్లో సరుకులతోపాటు ప్రయాణించి ఆస్ట్రేలియాకూ పసిఫిక్ దీవులకూ అమెరికా ఖండాలకూ చేరింది. మా భుజం మీద పడిన బల్లి బంధువులు మాకంటే ముందే విదేశాలు చూశారు!

తలకిందులుగా నడవడం సంగతి కూడా చెప్పాలి. జిగురు లేదు. వేలి కింది పొరల్లో వెంట్రుకల కంటే చాలా సన్నని పోగులు ఉంటాయి. టోకే అనే పెద్ద బల్లికి ఒక్కో పాదంలో ఇవి సుమారు 5 లక్షలు. ఒక్కో పోగు కొస వందలుగా చీలి గోడకు అతి దగ్గరగా చేరుతుంది. అణువుల మధ్య ఉండే వాండర్‌వాల్స్ ఆకర్షణ బల్లిని నిలబెడుతుందని కెల్లర్ ఆటమ్ బృందం 2002లో చూపింది. ఇంటర్ కెమిస్ట్రీలో మనం బట్టీ పట్టిన పేరే అది.

కప్పల్లో కూడా ఒక పెద్ద కథ ఉంది. 2003లో ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసుయిట్ పడమటి కనుమల నుంచి ఊదారంగు కప్ప ఒకదాన్ని ప్రకటించారు. పేరు నాసికాబట్రాకస్ సహ్యాద్రెన్సిస్. ఏడాదిలో చాలాకాలం మట్టిలోనే ఉండి, వానలకు జతకట్టడానికి పైకి వస్తుంది. దాని దగ్గరి చుట్టాలు హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల కప్పలు. ఉప్పునీటిలో కప్ప అంత దూరం ఈదలేదు. భారతదేశం, సీషెల్స్, మడగాస్కర్ ఒకే నేలగా ఉన్న కాలం నాటి బంధుత్వమిది. నేల చీలింది, కప్పల వంశమూ చీలింది.

ఇంతకూ మనకేమిటి?

పరీక్షలో 'ఉన్నత జీవులు, నిమ్న జీవులు' అని ప్రశ్న వస్తే మార్కుల కోసం రాయండి, తప్పులేదు. మనసులో మాత్రం నిచ్చెన పెట్టుకోకండి. మెట్ల మీద నిలబెట్టి కొలిచే అలవాటు జీవశాస్త్రంలో తప్పని తేలింది. మనుషుల్లో అది తప్పని తెలుసుకోవడానికి వేరే శాస్త్రం అక్కర్లేదు. తడబడిన కుర్రవాడు కింది మెట్టు మీద లేడు. వాడు వేరే దారిలో, వేరే వేళకు అక్కడికి చేరాడు.

ఈ ఏడాది ఒక పని చేయండి. ఒక నోట్సులో రోజూ రాత్రి ఒకే ట్యూబులైటు దగ్గర ఎన్ని బల్లులు వచ్చాయో తేదీ వేసి రాయండి. వానాకాలంలో ఏ రోజు మొదటి కప్ప అరిచిందో రాయండి. మూడేళ్ళు రాస్తే అది మీ సొంత పరిశోధన. నీటి తొట్టి మీద నురుగు గూడు కనిపిస్తే చిదిమేయకండి. పాము కనిపిస్తే కొట్టకండి, పట్టుకోవాలనీ చూడకండి, పెద్దలకు చెప్పండి. ఎవరినైనా కరిస్తే మంత్రం కోసం కాలం పోగొట్టక ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి. బంగారు బల్లిని వెతుక్కుంటూ అనుమతి లేకుండా అడవిలోకి పోవద్దు. అది ఇన్నాళ్ళు మనిషి కంటికి దూరంగానే బాగుంది.

అభ్యాసానికి కొన్ని ప్రశ్నలు

1. కప్ప బల్లికి పూర్వికుడు కాదని ఎట్లా చెప్పగలం?
2. ఉల్బం, అళిందం, పరాయువు, సొనసంచి చేసే పనులు రాయండి.
3. బంగారు బల్లి జాతులు తూర్పు కనుమల్లోనూ శ్రీలంకలోనూ ఉండటానికి కారణం ఊహించి రాయండి.
4. నగరి క్వార్ట్‌జైట్‌లో సరీసృపాల శిలాజాలు ఎందుకు దొరకవు?
5. మీ హాస్టల్లో కనిపించే ఉభయచరాలు, సరీసృపాల పేర్లు మీ ఊరి మాటల్లో రాయండి. వాటి కొమ్మల బొమ్మ గీయండి.

ఐదో ప్రశ్నకు గైడులో జవాబు దొరకదు. రాసినవాళ్ళు సెలవుల్లో మేము హాస్టలుకు వచ్చినప్పుడు చూపించండి. మేమూ మా బొమ్మ తెస్తాం, పక్కపక్కన పెట్టి సరిచూసుకుందాం.